కొండబాట పాదయాత్రకు దేహాన్ని సిద్ధపరచుకొనే విధానం

శివరాత్రి, ఉగాది పండుగలకు కొద్దిరోజుల ముందు నా వద్దకు వచ్చేవారిలో చాలామంది ఒకే కోరిక కోరుతూ ఉంటారు. "వైద్యులుగారూ, ఈసారి శ్రీశైలానికి నడిచి వెళ్లాలని సంకల్పించాం. కాళ్లకు సత్తువ కలిగే లేహ్యం ఏదైనా సెలవివ్వండి" అంటారు. వారం రోజుల్లో కాళ్లకు బలం చేకూర్చే లేహ్యం ఏదీ లేదు. ఇంచుమించు రెండు మండలాల ముందు, అనగా 12 వారాల ముందు, ఆరంభించే క్రమబద్ధమైన అభ్యాసమే ఇందుకు అసలైన ఔషధం.

బాట స్వభావం

నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపాన గల వెంకటాపురం నుండి నల్లమల అడవిలో సాగే ప్రాచీన మార్గాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే ఈ బాట సుమారు 40 కిలోమీటర్లు ఉంటుంది. ఇది పులుల సంరక్షణ ప్రాంతం కనుక అటవీశాఖ అనుమతించిన ఉత్సవ దినాల్లోనే, అందరితో కలిసి, పగటి వెలుగులోనే నడవాలి.

ఈ బాటలో ముఖ్యంగా గమనించవలసినది ఒకటుంది. అసలైన కష్టం చివరలో ఎదురవుతుంది. దారిలో అధికభాగం గడిచి కాళ్లు అలసిన తరువాత భీముని కొలను లోయలోనికి దిగి, అక్కడినుండి కైలాసద్వారం వరకు నిట్టనిలువుగా మెట్లెక్కాలి. కనుక మొదటిరోజు ఉత్సాహంతో బలమంతా వెచ్చించినవారు ఇక్కడ చతికిలబడతారు.

శాస్త్రం చెప్పిన కొలత

వ్యాయామాన్ని శక్తిలో సగం మేరకే చేయాలని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో ఉపదేశించారు. అదికూడా బలవంతులు, చక్కని స్నిగ్ధాహారం భుజించేవారు, శీతకాలంలోను వసంతంలోను చేయదగినది. మిగిలిన ఋతువుల్లో ఇంకా తగ్గించాలి. నుదుట, ముక్కుపై, చంకల్లో, కీళ్ల వద్ద చెమట పట్టడం, నోరు ఎండడం సగం శక్తి వ్యయమైనదనుటకు గుర్తులు. నేను రోగులకు చెప్పే సులభమైన పరీక్ష ఇది: నడుస్తూ ప్రక్కవారితో రెండు వాక్యాలు తడబడక మాట్లాడగలిగితే వేగం తగినట్లే. మాట మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించాలి.

అభ్యాస క్రమం

వారానికి నాలుగు రోజులు అరగంట నుండి ముప్పావుగంట నడవాలి. ఐదవ వారం నుండి పది నిమిషాలు వడిగా, ఐదు నిమిషాలు నెమ్మదిగా మార్చి మార్చి నడవాలి. ఆదివారం మాత్రం దీర్ఘమైన నడక.

1 నుండి 4 వారాలు: వరుసగా 6, 8, 10, 7 కిలోమీటర్లు.
5 నుండి 8 వారాలు: 12, 14, 16, 10 కిలోమీటర్లు.
9, 10 వారాలు: 18, 22 కిలోమీటర్లు.
11వ వారం: 12 కిలోమీటర్లు. 12వ వారం తేలికపాటి నడక, విశ్రాంతి.

నాలుగవ, ఎనిమిదవ వారాల్లో దూరం తగ్గించినది కండరాలు కోలుకొనుటకే. దానిని సోమరితనంగా భావించరాదు.

దీనికి తోడు వారానికి రెండుసార్లు మెట్లెక్కి దిగాలి. మేడమెట్లు చాలు. ఎక్కేటప్పుడు ఆయాసం కలుగుతుంది, దిగేటప్పుడు తొడ కండరాలకు, మోకాళ్లకు దెబ్బ తగులుతుంది. కాబట్టి దిగుటను కూడా ప్రత్యేకంగా అభ్యసించాలి. మోకాలు కొద్దిగా వంచి, చిన్న అడుగులతో దిగాలి. మరునాడు, మూడవనాడు తొడలు, పిక్కలు నొప్పిగా ఉండడం సహజం. కీలు వాచినా, నొప్పి ఒకేచోట పొడిచినట్లున్నా నడక ఆపి వైద్యునికి చూపించాలి.

ఆహారం, పాదరక్షణ

రాత్రి నిద్రించేముందు గోరువెచ్చని నువ్వులనూనెతో పాదాలు, పిక్కలు మర్దన చేసుకోవాలి. కొత్త చెప్పులతో యాత్రకు బయలుదేరరాదు. దీర్ఘమైన నడకల్లో వాడి అలవాటైనవే ధరించాలి. మధుమేహం గలవారు మ్రొక్కు ఉన్నప్పటికీ వట్టి కాళ్లతో నడవరాదు. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు మానదు.

దారిలో కడుపునిండా భుజించక, రెండు గంటలకొకసారి కొద్దికొద్దిగా చిమ్మిలి, ఖర్జూరం, బెల్లంతో కలిపిన అటుకులు తీసుకోవాలి. ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ, శొంఠి మిరియాల పానకం ఈ ఋతువుకు హితం. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (చిన్న చెంచాతో, తలకొట్టి కొలిచినవి) కలిపి ఉంచుకోవాలి. దాహం మేరకు త్రాగాలి. దాహం లేకున్నా ఉత్త నీరు అదేపనిగా త్రాగితే రక్తంలో లవణం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత కలుగుతాయి. నొప్పి మాత్రలు ముందుజాగ్రత్తగా మ్రింగి నడవడం మూత్రపిండాలకు హానికరం. కొత్త చూర్ణం, కొత్త కషాయం ఏదీ యాత్ర రోజున ఆరంభించరాదు.

అశ్రద్ధ చేయరాని లక్షణాలు

నలభై ఏళ్లు దాటినవారు, రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, ఉబ్బసం గలవారు అభ్యాసానికి ముందే వైద్యపరీక్ష చేయించుకోవాలి. ఇన్సులిన్, చక్కెర తగ్గించే మాత్రలు, మూత్రం జారీచేసే మాత్రల మోతాదు గురించి వైద్యుని సలహా పొందాలి. వణుకు, చల్లని చెమట, తల తిరుగుడు కలిగితే మధుమేహులు తక్షణం పంచదార తినాలి.

ఎండలో మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ, తెలివి తప్పుతున్న మనిషిని నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి, విసరుతూ వైద్యశిబిరానికి తరలించాలి. తెలివిలేని వాని నోట నీరు పోయరాదు.

మరొక్క మాట. ఛాతీ బరువెక్కడం, నొప్పి ఎడమచేతికి, దవడకు ప్రాకడం, విశ్రమించినా ఆయాసం తగ్గకపోవడం గుండె ఇచ్చే హెచ్చరికలు కావచ్చు. వీటిని వాయువు అని తలచి వాము నములుతూ ముందుకు నడవడం ప్రాణాంతకం. గృహవైద్యాన్ని జీవితమంతా బోధిస్తున్న నేనే చెబుతున్నాను: ఈ లక్షణాలకు ఇంట గృహచికిత్స లేదు. ఆసుపత్రి ఒక్కటే మార్గం.

నిర్ణయించుకొనే విధం

పదవ వారంలో 22 కిలోమీటర్లు నడిచి, మరునాడు ఇంటిపనులు యథావిధిగా చేసుకోగలిగినవారు, మధ్యలో ఒక రాత్రి విశ్రమిస్తూ ఈ బాటను రెండు రోజుల్లో నిశ్చింతగా నడవవచ్చు. అలా చేయలేనివారు ఈ ఏడు బస్సులో వెళ్లి దర్శనం చేసుకోవాలి. అభ్యాసం మానక కొనసాగిస్తే వచ్చే ఏడు అదే కొండ వారికి అందుతుంది.