కాల్చే గడ్డే పాడికి మేత

మన వైపు మిషన్ కోత కాగానే వరిగడ్డికి మడిలోనే నిప్పు పెడుతున్నారు. ఓపెన్‌కాస్టు గనుల కింద మేత బీళ్లు పోయిన ఊళ్లలో, ఎండాకాలం మేత లేక బర్రెను అమ్ముకునేది మనలాంటి ఇళ్లే.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే. నెమరువేసే పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు పీచును అరిగించగలవు, కానీ వాటికి నత్రజని కావాలి. అందుకు 100 కిలోల ఎండుగడ్డిపై, 50–60 లీటర్ల నీళ్లలో కరిగించిన 4 కిలోల యూరియాను పొరలుపొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులుంచాలి. అప్పుడు వెలువడే అమ్మోనియా పీచును మెత్తబరుస్తుంది. మాంసకృత్తుల లెక్క 7–8 శాతానికి చేరుతుంది.

తినిపించే ముందు గంటసేపు ఆరబెట్టాలి. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టరాదు. యూరియాను నేరుగా దాణాలో, నీళ్లలో కలిపితే విషమై పశువు చచ్చే ప్రమాదం ఉంది.

సెలవులకు పోయినప్పుడు ఈ లెక్క ఇంట్లో చెప్పండి, గడ్డికి నిప్పు పెట్టకముందే.