చందా పుచ్చుకొనిన పిమ్మట పంచాయతీ చేయవలసిన పని

పాఠశాలకు ఒక గది కావలెను, శ్మశానమునకు త్రోవ కావలెను, నిధి చాలదు. అప్పుడు పంచాయతీ సభ్యులు చందా పుస్తకము చేతబట్టి ఊరిలోనికి బయలుదేరుదురు. మొదటిమారు వసూలు చేయుట అంత కష్టము కాదు. ఊరి మేలు అన్నచో కాదనువారు అరుదు. మరల రెండేండ్లకు అదే గడప ఎక్కినపుడు ఇంటి యజమాని "రండి, కూర్చోండి" అనునా, లేక "అబ్బాయి ఊళ్ళో లేడండీ" అని తప్పించుకొనునా అనునది, మొదటి చందా ఏమాయెనో దానినిబట్టి యుండును. గోడలు లేచి పైకప్పు లేక నిలిచిన గది ఊరి నడుమ ఉన్నంతకాలము, ఆ ప్రక్కగా పోవు ప్రతి దాతయు తన సొమ్మును తలచుకొనుచునే యుండును.

ఇందుకు మన నేలమీదనే ఒక పెద్ద ఉదాహరణము కలదు. 1951 ఏప్రిల్ 18వ తేదీన, నాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో, దళిత కుటుంబములవారు తమకు సేద్యమునకు 80 ఎకరముల భూమి కావలెనని ఆచార్య వినోబా భావేకు విన్నవించుకొనిరి. వినోబా ఆ మాటను ఊరివారి ముందుంచగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదననిరి. భూదానోద్యమము అట్లు పుట్టెను. తరువాతి సంవత్సరములలో దేశమంతటను 40 లక్షల ఎకరములకు పైగా దానముగా వచ్చెను. కాని అందు పెద్ద భాగము ఏండ్ల తరబడి భూమిలేనివారి చేతికి అందలేదు. కొంత సాగుకు రాని నేల. కొంత వ్యాజ్యములలో చిక్కుకొనెను. కొన్నిచోట్ల దానపత్రము మాత్రమే మిగిలెను. అడుగుటకు వినోబా వంటి మహనీయుడు కాలినడకన వచ్చెను. హద్దులు చూచి, పట్టా వ్రాయించి, చేతికిచ్చు పనికి అంతటి ఓపిక గలవారు చాలినంతమంది దొరకలేదని చెప్పక తప్పదు.

ఆ వినోబాయే సర్వోదయ పాత్ర అను మరియొక పద్ధతిని చెప్పెను. ఇంటింట ఒక పాత్ర నుంచి, ఇంటిలోని చిన్నబిడ్డచేత దినమునకొక పిడికెడు ధాన్యము అందు వేయించవలెను. దాని వెల స్వల్పమే. అయినను ఆ యిల్లు ఆ కార్యమును ప్రతిదినము తలచుకొనును. ఒక్కసారిగా 10,000 రూపాయలిచ్చు పెద్దమనిషి కన్న, నెలకు 50 రూపాయల చొప్పున ఇచ్చు 20 ఇండ్లు పంచాయతీకి దృఢమైన అండ. ఏడాదికి అది 12,000 రూపాయలగును. అంతకంటె ముఖ్యముగా, పనిని అడిగి చూచువారు 20 ఇండ్లవారగుదురు.

చందా పుచ్చుకొనిన నాడే రశీదు ఇవ్వవలెను. సొమ్మును పంచాయతీ నిధికి జమకట్టి, ఏ పనికి వచ్చినదో తీర్మాన పుస్తకములో వ్రాయవలెను. గ్రామసభలో జమాఖర్చు చదువునపుడు సిమెంటు బస్తాల వెల, మేస్త్రీ కూలి వరకు చదువవలెను. దాతల పేర్ల పలకమీద సొమ్మును బట్టి వరుస పెట్టుట తగదు. వీధుల వరుసన వ్రాసినచో వంద రూపాయలిచ్చిన ముసలవ్వ పేరు అడుగున పడదు. దాత కాంట్రాక్టు గోరి వచ్చినచో చందాను మర్యాదగా త్రిప్పి పంపుటయే మేలు.

శ్రమదానము చేయువారియెడల మనము ఇంకను అశ్రద్ధగా నుందుము. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన నాటినుండి ఊరివారి శ్రమయు చందాగానే లెక్కకు వచ్చుచున్నది. అయినను 40 మంది యువకులను పిలిచి, 6 పారలు చూపి, మేస్త్రీ రాలేదని మధ్యాహ్నము వరకు కూర్చుండబెట్టిన ఊళ్ళు లేకపోలేదు. వారు మరుసటి ఆదివారము రారు. నాట్లకును కోతలకును నడుమ తీరిక దినము చూచి పిలువవలెను. పనిముట్లు, త్రాగునీరు ముందురోజే సిద్ధపరచవలెను. కూలికి పోనిదే పొయ్యి వెలుగని వారిని శ్రమదానమునకు బలవంతపెట్టరాదు. వచ్చినవారి పేర్లను, చేసిన గంటలను ఆ సాయంత్రమే పుస్తకమున కెక్కించవలెను.

ఉద్యోగములకై హైదరాబాదుకో, విదేశములకో పోయినవారికి సొమ్ము కావలసినపుడే ఉత్తరము వ్రాయుట మన అలవాటు. "అయ్యా, మీరు పంపిన సొమ్ముతో కిటికీలు పెట్టించితిమి, తలుపులు వచ్చు నెలలో" అని రెండు మాటలు, ఫోనులో ఒక ఛాయాచిత్రము చాలును. ఇచ్చట ఒక చట్టము గుర్తుంచుకొనవలెను. విదేశమున నున్న భారత పౌరుడు తన సంపాదనలోనుండి బ్యాంకు ద్వారా పంపు సొమ్ము విదేశీ విరాళము కాదు. విదేశ పౌరసత్వము పుచ్చుకొనినవారు ఇచ్చునది విదేశీ విరాళమగును. అట్టిదానిని ఊరిలోని స్వచ్ఛంద సంఘము స్వీకరింపవలెనన్న, 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము క్రింద రిజిస్ట్రేషనుగాని ముందస్తు అనుమతిగాని యుండవలెను.

పని ముగిసిన పిమ్మట సొమ్ము మిగులుటయు కలదు. దానిని మరియొక పనికి మార్చవలెనన్న ముందుగా దాతలను గ్రామసభకు పిలిచి అడుగవలెను. ఒప్పుకొననివారికి వారి వంతు లెక్కకట్టి తిరిగి ఇచ్చివేయవలెను.