మొరాయించనిదే ఆయుధం, మాట తప్పనివాడే మనిషి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక కొల్లూరు రూపురేఖలు మారిపోయాయి. నిన్నటి చేల పక్కన ఇవాళ అపార్టుమెంట్ల టవర్లు లేచాయి. 2023 జూన్‌లో ఇక్కడే 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీ ప్రారంభమైంది. అటు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలు, ఇటు తెల్లాపూర్ వెంచర్లు. భూమి ధర పెరిగిన చోట డబ్బు పెరుగుతుంది, డబ్బు వెంటే భయమూ పెరుగుతుంది. నాలుగు రాళ్లు వెనకేసుకున్న వాళ్లు కూర్చున్న చోట ఎవరో ఒకరు అంటారు: "ఒక వెపన్ ఉంటే మంచిదన్నా." వెంటనే ఇంకొకరు అందుకుంటారు: "కొంటే పెద్దదే కొనాలె."

ఆ రెండో మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆయుధం మీద ప్రాణం పెట్టుకుని బతికే సైనికుడైనా, పోలీసైనా పిస్టల్ గురించి మొదట అడిగేది సైజు కాదు. "అవసరమైన ప్రతిసారీ పేలుతుందా?" అని అడుగుతారు. ఉద్యోగం, వ్యాపారం, భాగస్వామి, చివరికి మన వ్యక్తిత్వం... దేన్ని ఎంచుకునేటప్పుడైనా, దేన్ని మలుచుకునేటప్పుడైనా ఈ ప్రశ్నే ముందు రావాలి. మంచి పిస్టల్‌ని ఎలా ఎంచుతారో చూస్తే మంచి నిర్ణయం ఎలా తీసుకోవాలో తెలుస్తుంది.

1. ముందు హద్దు తెలుసుకోండి

మన దేశంలో ఆయుధం పౌరుడి హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు దీనికి ఆధారం. సినిమాల్లో చూసి ముచ్చటపడే 9 ఎంఎం, .45 పిస్టళ్లు నిషిద్ధ బోర్ (గొట్టం లోపలి కొలత) కిందికి వస్తాయి, అవి సామాన్యుడికి దొరకవు. లైసెన్సు ఉన్న పౌరుడు మామూలుగా కొనగలిగేది .32 బోర్. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే 'అశని' పిస్టల్ ఆ కోవలోదే.

దరఖాస్తుదారుడికి 21 ఏళ్లు నిండాలి. పోలీసు విచారణ జరగాలి. ఆయుధాన్ని భద్రంగా వాడే శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉండాలి. నిజంగా అవసరం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. లైసెన్సు లేకుండా నిషిద్ధ ఆయుధం దొరికితే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా పద్నాలుగేళ్లు జైలు. పెళ్లి ఊరేగింపులో సరదాగా గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెచ్చినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ తప్పవు.

"ఎలాగోలా సంపాదిద్దాం" అనుకునేవాడు మొదటి అడుగులోనే ఓడిపోయాడు. హద్దులు తెలిసినవాడికి ఎంపిక తేలికవుతుంది. మన సంపాదన ఎంత, అర్హత ఎంత, చట్టం ఏమంటోంది... ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే కోరికకు తలుపు తియ్యాలి.

2. ఆరు వేల తూటాల పరీక్ష

పెద్ద బోర్, మన్నిక, నమ్మకం... ఈ మూడూ ఒకే పిస్టల్‌లో కావాలని పట్టుబట్టి సాధించిన కథ 1911లో జరిగింది. ఫిలిప్పీన్స్ పోరాటాల్లో .38 రివాల్వర్లు సరిపోలేదన్న అనుభవంతో అమెరికా సైన్యం .45 బోర్ సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కోసం వెతికింది. చివరికి రెండు కంపెనీలు బరిలో మిగిలాయి. ఒకటి జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన కోల్ట్, ఇంకొకటి సావేజ్. ఒక్కోదాంతో ఆరు వేల తూటాలు కాల్చారు. వేడెక్కితే చల్లారనిచ్చారు, వెయ్యి తూటాలకోసారి శుభ్రం చేసి నూనె పట్టించారు, మళ్లీ కాల్చారు. సావేజ్ 37 సార్లు మొరాయించింది. కోల్ట్ ఒక్కసారి కూడా ఆగలేదు. 1911 మార్చి 29న సైన్యం దాన్ని ఎంచుకుంది. 1985లో బెరెటా వచ్చేదాకా అదే అధికారిక పిస్టల్.

రెండూ ఒకే బోర్. రెండింటి దెబ్బా ఒక్కటే. గెలుపును తేల్చింది ఆగకపోవడమే. అదీ బ్రౌనింగ్‌కు ఒక్కరోజులో రాలేదు. ఏళ్ల తరబడి ఒక నమూనా తర్వాత మరో నమూనా, ముందు దాంట్లో దొరికిన లోపాన్ని తర్వాతి దాంట్లో సరిచేసుకుంటూ వచ్చాడు.

మీ ఆఫీసులో చూడండి. తెలివైనవాళ్లు చాలామంది ఉంటారు. కానీ గడువు ముంచుకొచ్చిన రాత్రి మేనేజరుకు గుర్తొచ్చే పేరు ఒకటే ఉంటుంది. ఆ పేరు మీది కావాలి. అందుకు అసాధారణ ప్రతిభ అక్కర్లేదు. ఒప్పుకున్న పని ఒప్పుకున్న వేళకు చెయ్యడం చాలు, నెలల తరబడి, ఏళ్ల తరబడి.

3. పేరు చూసి మోసపోకండి, పేరు లేదని వదులుకోకండి

1980ల మొదట్లో ఆస్ట్రియా సైన్యం కొత్త పిస్టల్ కావాలంది. ముందుకొచ్చిన గాస్టన్ గ్లాక్ అప్పటిదాకా తుపాకీ తయారు చేసినవాడు కాదు. కర్టెన్ రాడ్లు, కత్తులు చేసేవాడు. నిపుణులను పిలిచి ఏం కావాలో విన్నాడు, భాగాలు తగ్గించాడు, ఫ్రేముకు ప్లాస్టిక్ వాడాడు. 1982లో ఆయన పిస్టలే ఎంపికైంది. ఇవాళ మన ఎన్‌ఎస్‌జీ కమాండోల దగ్గరా అదే పేరు కనిపిస్తుంది.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌నే చూడండి. లోకేష్ మెషీన్స్ అంటే సీఎన్‌సీ యంత్రాలు, ఇంజన్ సిలిండర్ బ్లాకులు గుర్తొచ్చేవి. డీఆర్‌డీవో వారి పుణె సంస్థ, సైన్యాధికారి ప్రసాద్ బన్సోడ్ కలిసి రూపొందించిన 'అస్మి' 9 ఎంఎం మెషీన్ పిస్టల్‌ను తయారు చేస్తున్నది ఆ కంపెనీయే. 2024లో సైన్యం 550 అస్మిలకు ఆర్డరిచ్చింది. ఇనుమును వెంట్రుకవాసి తేడా రాకుండా కోసే అలవాటు అక్కడ ఎప్పటినుంచో ఉంది. అవకాశం ఆ అలవాటును వెతుక్కుంటూ వచ్చింది.

పటాన్‌చెరు, పాశమైలారంలో లేత్ మీద, సీఎన్‌సీ మీద పనిచేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు రోజూ మైక్రోమీటర్‌తో కొలిచే కొలతే మీ రెజ్యూమె. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో యుద్ధ వాహనాలు తయారయ్యే జిల్లా మనది. చేతి పనిని చిన్నచూపు చూడకండి.

4. చేతిలో ఇమిడేదే మేలు

.32 తూటా మొన బరువు దాదాపు నాలుగున్నర గ్రాములు. 9 ఎంఎంది ఎనిమిది. .45ది పదిహేను. బోర్ పెరిగే కొద్దీ సాధారణంగా చేతికి తగిలే తాపూ పెరుగుతుంది. మొదటి తూటా ఎవరైనా కాలుస్తారు. రెండోది అదే చోట తగలాలంటే పట్టు కావాలి.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. 9 ఎంఎం, .45 పిస్టళ్లలో తూటా పేలగానే స్లైడ్ వెనక్కి దూసుకెళ్లి, ఖాళీ గుల్లను బయటికి విసిరి, మళ్లీ ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను ఎక్కించుకుంటుంది. ఆ సమయంలో ఫ్రేమ్ కదలకుండా నిలవాలి. మణికట్టు వదులైతే పిస్టల్ మొత్తం వెనక్కి ఊగిపోతుంది, స్లైడ్ తన దారి పూర్తి చెయ్యదు, గుల్ల మధ్యలో ఇరుక్కుంటుంది. చూసేవాళ్లు "పిస్టల్ జామ్ అయింది" అంటారు. జామ్ అయింది పట్టు.

మన స్థాయికి మించిన అప్పు, మన ఓపికకు మించిన పదవి, మన సమయానికి మించిన వ్యాపారం కూడా అంతే. మధ్యలో ఇరుక్కుంటాయి. పిట్టల దొర భుజం మీది కట్టె తుపాకీ చూడ్డానికి ఎంతో గొప్పగా ఉంటుంది. జీవితంలో మాత్రం అలాంటి గొప్ప పనికిరాదు. ముందు పట్టు పెంచుకోండి, తర్వాత బరువు పెంచుకోండి.

5. "ఖాళీదే సార్" అన్నా తీసి చూడండి

దుకాణంలో పిస్టల్ చేతికివ్వగానే తెలియనివాడు గోడకేసి గురి చూస్తాడు. తెలిసినవాడి తీరు వేరు. గొట్టాన్ని మనుషుల మీదికి రానివ్వడు. చూపుడు వేలు ట్రిగ్గర్ జోలికి పోకుండా ఫ్రేమ్ పక్కన చాపి ఉంచుతాడు. మ్యాగజైన్ బయటికి తీస్తాడు. స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్‌లో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి రూఢి చేసుకుంటాడు. ఎదుటివాడు "ఖాళీదే సార్" అని అప్పటికే చెప్పి ఉంటాడు. ఆ మాటను కాదనడు, కానీ తన పని తాను చేస్తాడు. ఆ తర్వాత మ్యాగజైన్ చూస్తాడు. పిస్టల్ ఆగిపోవడానికి తరచూ కారణమయ్యేది మ్యాగజైన్ వంగిన అంచో, అలసిన స్ప్రింగో. చవకైన భాగమే, ఖరీదైన ఆయుధాన్ని ఆపేస్తుంది.

కొల్లూరులో ప్లాటు కొంటున్నారా? ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, లింకు డాక్యుమెంట్లు చదవండి, లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ అనుమతి ఉందేమో చూడండి. అమ్మేవాడు బంధువే కావచ్చు. సరిచూసుకోవడం అవమానం కాదు, బాధ్యత. చిన్న కాగితం, చిన్న సంతకం, చిన్న అశ్రద్ధ... పెద్ద నష్టాలు అక్కడే మొదలవుతాయి.

6. చివరి పరీక్ష మీకే

ఆయుధాన్ని ఎంత పరీక్షించినా, దాన్ని మోసే మనిషిని పరీక్షించకపోతే అన్నీ వృథా. కోపం వస్తే నోరు జారుతుందా? మందు తాగితే అదుపు తప్పుతుందా? ఇంట్లో పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టే క్రమశిక్షణ ఉందా? ఈ మూడింటిలో ఏ ఒక్క జవాబు తేడాగా ఉన్నా మీకు పిస్టల్ వద్దు. అది మీకు రక్షణ ఇవ్వదు, మీ ఇంటికే ముప్పు తెస్తుంది. నిజానికి చాలామందికి కావాల్సింది మంచి తాళం, సీసీ కెమెరా, సక్రమమైన లెక్కలు, ఇరుగుపొరుగుతో నాలుగు మంచి మాటలు. వీటికి లైసెన్సు అక్కర్లేదు.

కాబట్టి ఈ వారం ఒక పని చెయ్యండి. మీరు ఎవరెవరికి ఏ మాట ఇచ్చారో రాసుకోండి. నిలబెట్టుకున్నవి ఎన్ని, ఆగిపోయినవి ఎన్ని? ఆగిన ప్రతి దాని పక్కన కారణం రాయండి. వాటిలో ఒకదాన్ని ఈ వారమే సరిచెయ్యండి, వచ్చే వారం ఇంకొకటి. నలుగురు ధైర్యంగా ఆధారపడగల మనిషిగా నిలబడండి. అంతకు మించిన రక్షణ ఏ పిస్టలూ ఇవ్వదు.