అతుకుల బొంత

కుదురులేని వ్యాసమును చూచినప్పుడు "ఇది అతుకుల బొంత" అని మన తెలుగువారు ఒక్క మాటతో తీసివేయుదురు. మేమును మీ జవాబు పత్రములపై ఎఱ్ఱ సిరాతో ఆ మాట పలుమార్లు వ్రాసియున్నాము. గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఆరుగురితో కలసి నిజముగా అతుకుల బొంతలు కుట్టించిన పిమ్మట ఆ మాట వ్రాయుట మానుకొంటిమి. రెండు అతుకులు సరిగా కలియుట ఎంత కష్టమో అప్పుడు గాని తెలిసి రాలేదు. ఆ పని యెట్లు సాగినదో, అందు మేము చేసిన తప్పులెట్టివో ఈ పాఠమున చెప్పుచున్నాము. విద్యార్థులతోపాటు తల్లిదండ్రులును చదువవలెనని మా కోరిక.

కౌల్ బజారులో బొంతనెరుగనివారుండరు. తెలుగిండ్లలో బొంత; కన్నడిగుల యిండ్లలో కౌది; ఉర్దూ మాటలాడువారి యిండ్లలో గుదడి. పేర్లు మూడు, వస్తువొక్కటే. పాతబడిన నూలు చీరలను, పంచెలను రెండు మూడు వరుసలుగా పరతురు. చినిగిన చోట మరియొక గుడ్డముక్క వేయుదురు. పిమ్మట ఒక అంచునుండి మొదలిడి దగ్గర దగ్గరగా సూది కుట్టు వేసికొనుచు పోవుదురు. లోపల దూది యుండదు. ఏండ్ల తరబడి ఉతుకుడు పడి మెత్తబడిన నూలే దాని మెత్తదనము. కనుకనే చంటిబిడ్డల క్రింద పరచుటకు దానికి మించినది లేదు.

మా అవ్వ ఆదోని తాలూకాలో పుట్టి బళ్లారిలో మెట్టినది. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు క్రొత్తగా నేర్పడిన ఆంధ్ర రాష్ట్రమున చేరెను. బళ్లారి అప్పటి మైసూరు రాష్ట్రమున చేరెను. ఆమె పుట్టిల్లు ఒక రాష్ట్రము, మెట్టినిల్లు మరియొక రాష్ట్రము అయ్యెను. ఆమె బొంతలో మాత్రము పుట్టింటి చీర ముక్కయు, అత్తగారి చీర ముక్కయు ఒకదాని ప్రక్కనొకటి యుండెడివి. వేలు పెట్టి "ఇది ఎవరిది?" అని మేమడుగుచుండగా ఆమె కుట్టు ఆపకయే చెప్పెడిది. కొలబద్దను ఆమె యెన్నడును ముట్టలేదు. ముక్క పొట్టిదైనచో ప్రక్క ముక్కను కొంచెము దానిపైకి లాగి కుట్టెడిది. చేయి ఒక్కటే, బొంత ఒక్కటే. ఇక కొలతతో పనియేమి?

మన కర్ణాటకముననే ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపురము, హళియాళము మొదలగు తావుల సిద్దీలు నివసించుచున్నారు. పోర్చుగీసువారి కాలమున ఆఫ్రికా నుండి తేబడినవారి సంతతి వీరు. వీరి స్త్రీలు కుట్టు బొంతకు కవందీ అని పేరు. క్రింద చీర పరచి, అంచులనుండి మొదలిడి, ముక్కలు వేసికొనుచు, చుట్టు తిరిగి నడిమికి వచ్చుదురు. నాలుగు మూలలందును త్రికోణముగా మడచిన ముక్కలు కుట్టి వానిని ఫూల అందురు. అవి లేనిచో బొంత బోడిగానున్నట్లు భావింతురు. ఇదియును ఒక చేతి పనియే, లేదా ఒక యింటి పనియే. ఇందును కొలబద్ద లేదు.

ఇచ్చిపుచ్చుకొను పద్ధతి వేఱు. అందు బొంతను ఒకేసారి కుట్టక చదరములుగా విడదీయుదురు. ఒక్కొక్కరు ఒక్కొక్క చదరమును కుట్టి ఇతరులతో మార్చుకొందురు. వచ్చిన చదరములను ఎవరి యింట వారు జోడించుకొందురు. అమెరికా దేశమున 1840 తరువాతి సంవత్సరములలో ఈ యాచారము మిక్కిలి ప్రబలెను. ఊరు విడిచి దూరము పోవు కుటుంబమునకు చుట్టములును, స్నేహితురాండ్రును తలయొక చదరము కుట్టి, చెరగని సిరాతో తమ పేరు వ్రాసి యిచ్చెడివారు. బాల్టిమోరు నగరమున ఆ కాలమున కుట్టిన ఆల్బమ్ బొంతలు నేడు మ్యూజియములలో నున్నవి. ఆ దేశముననే కాన్సాస్ సిటీ స్టార్ అను వార్తాపత్రిక 1928 మొదలు 1961 వఱకు చదరముల నమూనాలను ముద్రించుచు వచ్చెను. ఒకరినొకరు ఎరుగనివారు సైతము ఒకే నమూనా కుట్టుట అట్లు సాధ్యమయ్యెను. నేడును వినోదమునకై బొంతలు కుట్టువారు అనేక దేశములలో చదరములు కుట్టి తపాలాలో మార్చుకొనుచున్నారు.

ఇక మా లెక్క వినుడు. విద్యార్థులారుగురు: బాలికలు నలుగురు, బాలురిద్దరు. ఒక్కొక్కరు ఒకే తీరున ఆరు చదరములు కుట్టవలెను. ఒకటి తాము ఉంచుకొని, తక్కిన ఐదింటిని ఐదుగురికి ఇయ్యవలెను. అప్పుడు ప్రతివారికిని ఆరు తీరుల చదరములు ఆరు చేరును. మొత్తము చదరములు 36. చేతులు మారునవి 30. కుట్టు పూర్తియైన పిదప ఒక్కొక్క చదరము 12 అంగుళములుండిన, రెండు అడ్డముగాను మూడు నిలువుగాను పేర్చినచో 24 అంగుళముల వెడల్పు, 36 అంగుళముల పొడవు గల బొంత యగును. ఉయ్యాలలో పరచుటకు అది సరిగా చాలును. ఆరుగురిలో ఇద్దరి యిండ్లలో చంటిబిడ్డలుండుటచే ఈ కొలతను ఎంచుకొంటిమి.

కుట్టు పూర్తియైన చదరము 12 అంగుళములుండవలెనన్న, ఇచ్చునప్పుడు అది 12½ అంగుళములుండవలెను. జోడించునప్పుడు ప్రతి ప్రక్కను పావు అంగుళము గుడ్డ కుట్టు లోపలికి పోవును. దర్జీలు దీనిని మార్జిను అందురు. తొమ్మిది ముక్కల చదరమునకు ఒక్కొక్క ముక్క 4½ అంగుళములుగా కత్తిరింపవలెను. ముదురు రంగువి ఐదు, లేత రంగువి నాలుగు. ఆరు చదరములకు ముదురువి 30, లేతవి 24 కావలెను. పాత చీర పన్నా 45 అంగుళములైనచో ఒక వరుసకు పది ముక్కలు వచ్చును. మూడు వరుసలు, అనగా 13½ అంగుళముల పొడవు గుడ్డ, ముప్పది ముక్కలకు చాలును.

ఇచ్చట వీసము సంగతి చెప్పవలెను. వీసమనగా పదునాఱవ వంతు అని మీరు చదివియున్నారు. కాని వీసమును కంట చూచినవారు మీలో నెందఱు? తొమ్మిది ముక్కల చదరమున ఒక వరుసకు రెండు కుట్లుండును. ఒక్కొక్క కుట్టు ఇరుప్రక్కలను గుడ్డను మ్రింగును గనుక మొత్తము నాలుగు మార్జినులు. ఒక్కొక్క దానియందు అంగుళములో వీసము ఎక్కువ పోయినను నాలుగు వీసములు, అనగా పావు అంగుళము తగ్గిపోవును. 12½ కావలసిన చదరము 12¼ అగును. మొదటి విడతలో మాకు ముగ్గురి చదరములు ఇట్లే పొట్టివైనవి. కత్తిరింపు సరిగా లేదని తలంచి, మేము కత్తెర పట్టినవారి ప్రక్కన నిలిచి కావలి కాయుచుంటిమి.

ఒక సాయంకాలము ఒక బాలిక తల్లి కూతురిని పిలుచుకొని పోవుటకై వచ్చినది. ఆమె మన కౌల్ బజారుననే జీన్సు లాగులు కుట్టుచోట పని చేయును. కొంతసేపు చూచి, "టీచర్, మీరు కత్తిరించేది చూస్తాండారు. తప్పు ఆడ లేదు, కుట్టేకాడ ఉంది" అనెను. పిమ్మట తానే ఒక అట్టముక్కను 12½ అంగుళములకు కత్తిరించి యిచ్చి, కుట్టిన ప్రతి చదరమును దానిపై నుంచి చూడుమనెను. మిషనుపై కుట్టువారికి సూదిమొన నుండి పావు అంగుళము దూరమున రేకుపై ఒక అంటుపట్టీ అతికించెను. గుడ్డ అంచు ఆ పట్టీని ఒరసికొని పోవలెను. చేత కుట్టువారికి పెన్సిలుతో గీత గీసికొనుమనెను. ఆమె మూడు నిమిషములలో చెప్పినది మేము మూడు వారములు కనుగొనలేకపోతిమి.

మఱియొక తప్పు నవ్వు పుట్టించునది. ఒక బాలుడు ఒకే గుడ్డపై మామిడి పిందెలు అతికించు తీరును ఎంచుకొనెను. కొలుచునప్పుడు స్కేలునందలి 30 సెంటీమీటర్ల గీతను 12 అంగుళములని తలంచి, దానికి అర అంగుళము కలిపెను. 12 అంగుళములనగా 30.48 సెంటీమీటర్లు. అతని ఆరు చదరములును దాదాపు అర సెంటీమీటరు తగ్గినవి. బడిలో సెంటీమీటర్లు, దర్జీ యంగడిలో అంగుళములు. రెంటి నడుమ పిల్లవాడేమి చేయును? ఆరింటికిని అంచున సన్నని పట్టీ కుట్టి సరిచేసితిమి. చూచినవారు అది అలంకారమనుకొనిరి.

నవ్వురాని తప్పు నీలిమందుది. మన వీధులలో జీన్సు పీలికలకు కొదువ లేదు. ఒక బాలిక వానితో ముదురు ముక్కలు కత్తిరించి చక్కని చదరములు కుట్టెను. నీలిమందు నూలు లోపలికంట దిగదు. పైపైన పట్టియుండి ఒరపిడికి ఊడివచ్చును. కనుక అట్టి గుడ్డను కత్తిరించుటకు ముందే వేఱుగా, నీరు తేటయగువఱకు పలుమార్లు ఉతుకవలెను. తడిపిన తెల్లగుడ్డతో రుద్దినప్పుడు మరక అంటరాదు. అందఱును ఉతికి తెండని మేము చెప్పితిమి గాని, రుద్ది చూడలేదు. చదరములు పంపకమై, క్రింద పాత చీర మడతలు అస్తరుగా వేసి, అవ్వలు కుట్టినట్లే కుట్టు వేసి, ఆఱు బొంతలును ఆఱు ఇండ్లకు చేరినవి. మొదటి ఉతుకులోనే ప్రక్కనున్న తెల్లని చదరములకు నీలి మరకలు పట్టినవి. అవ్వ బొంతలో రంగు దిగినచో అవ్వ యింటనే దిగెడిది. ఇది ఆఱిండ్లలో దిగినది. ఆ బాలిక రెండు దినములు బడికి రాలేదు. మేము వారి యింటికి పోయి, చూడవలసినది చూడనివారము మేమేయని ఆమె తండ్రితో చెప్పి తీసికొని వచ్చితిమి.

రెండవ విడత పొరుగు కన్నడ మాధ్యమపు బాలికలారుగురితో జరిపితిమి. మనవారు తలకు మూడు ఇచ్చి వారివి మూడు తీసికొనవలెను. మొదటి విడతలో మేము చదరమును గడి యనుచుంటిమి.  మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రమున. మా కన్నడము సంతలో కూరగాయలు కొనుటకు చాలును, అంతకు మించి చాలదు. కావున ఒక విద్యార్థిచే కన్నడ లిపిలో "గడి 12½ అంగుళములు" అని వ్రాయించి పంపితిమి. కన్నడమున గడి యనగా ఎల్ల, సరిహద్దు. ఆ బాలికలు, జోడించిన పిమ్మట చదరపు ఎల్ల 12½ అంగుళములుండవలెనని గ్రహించి, మార్జిను వేఱుగా విడిచిరి. వారి పదునెనిమిది చదరములును 13 అంగుళములు వచ్చినవి! కుట్టులో వారికి వీసమంతయు లోపము లేదు. పొట్టి గుడ్డను పెంచలేము గాని పొడుగు గుడ్డను తగ్గింపవచ్చును గనుక నాలుగు ప్రక్కలను పావు అంగుళము చొప్పున కత్తిరించితిమి. నక్షత్రములు కుట్టిన రెండు చదరములలో మాత్రము మొనలు తెగిపోయినవి. అవి కుట్టిన బాలిక చూచి కొంతసేపు మాటలాడలేదు.

పిమ్మట ఇరువాగులవారును కూర్చుండి మాట నిర్ణయించుకొనిరి. చదరమును కన్నడమున చౌక అందురు. తెలుగునను చౌకము ఆ యర్థముననే కలదు. "అయితే మనది చౌక బొంతనా, టీచర్?" అని మనవారు నవ్విరి, తెలుగు వాడుకలో చౌక యనగా తక్కువ వెలయని కన్నడ బాలికలకు చెప్పగా వారును నవ్విరి. నాటినుండి చీటీలలో చౌకమనియే వ్రాయుచున్నాము. ప్రక్కన కొలతతోపాటు "మార్జినుతో కలిపి" అను మాటయు చేర్చుచున్నాము.

కొందఱు తల్లిదండ్రులు, పాత చీర ముక్కలు బడికి పంపుటకు సిగ్గగుచున్నదని మాతో ననిరి. బొంత కప్పుకొనువారు లేనివారనియు, రగ్గు కప్పుకొనువారు కలవారనియు ఒక తలంపు కలదు. కుట్టుటకు మాత్రము ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరయే మేలు. క్రొత్త పాలియెస్టరు గుడ్డ సూది క్రింద జారును, చెమట పీల్చదు. అంగడి నుండి క్రొత్త గుడ్డ తెచ్చిన విద్యార్థియే నడుమ పాత గుడ్డకై ప్రక్కవారిని అడుగవలసివచ్చెను.

నీలి మరకల బాలిక ఊరకుండలేదు. బాగుగా ఉతికిన గుడ్డతో, మరక పడిన వానికి బదులుగా ఐదు చౌకములు కుట్టి, ఐదిండ్లకును తానే పోయెను. నాలుగిండ్లలో కుట్టు విప్పి మార్చియిచ్చెను. ఐదవ యింట బిడ్డ ఆ బొంతపై నిద్రించుచుండెను. "లేపొద్దు పాపా, ఉండనీ. మరకైతే ఏమాయ" అని ఆ తల్లి చెప్పి పంపెను. మిగిలిన చౌకమును ఆ బాలిక మాకు తెచ్చి యిచ్చెను. అది యిప్పుడు మా బల్ల సొరుగులో నున్నది. దసరా సెలవుల తరువాత మూడవ విడత మొదలగును. ఆ యొక్కదానికి తోడు మఱి ఐదు కావలెను.