ఫ్లూ కాలంలో అమెరికా ఇల్లు: కోసిగి నుంచి వచ్చేవారికి

కోసిగిలో ఇల్లు శుభ్రం చేయడమంటే నీళ్లే. తెల్లారేసరికి వాకిట్లో కసువు ఊడ్చి కళ్లాపి చల్లుతారు. పండగొస్తే సామానంతా బయటపెట్టి బండలు కడుగుతారు. ఆ నీళ్లు తూములోంచి పోతాయి, మన ఎండకు ఇల్లు కాసేపట్లో ఆరిపోతుంది. అమెరికా అపార్ట్‌మెంట్‌లో ఇది సాగదు. గదుల్లో కార్పెట్ ఉంటుంది. బాత్‌రూమ్‌లో టబ్బుకు తప్ప నేలకు తూము ఉండదు. అలవాటు కొద్దీ బకెట్ నీళ్లు గుమ్మరిస్తే కింద వాటా వాళ్ల సీలింగ్ తడుస్తుంది, బాగుచేయించే ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

ఫ్లూ విషయంలో నేల గురించి పెద్దగా దిగులు పడక్కర్లేదు. అది ఎక్కువగా వచ్చేది పక్కన దగ్గే, తుమ్మే మనిషి తుంపరల నుంచి. ఆ తర్వాతే చేతులు తగిలే వస్తువులు. స్టీలు, ప్లాస్టిక్ లాంటి గట్టి వాటిమీద ఆ వైరస్ 24 నుంచి 48 గంటల దాకా బతుకుతుంది. నలుగురు కుర్రాళ్లు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఫ్రిజ్ పిడి చూడండి. జ్వరం వచ్చినవాడు ముక్కు తుడుచుకున్న చేత్తోనే పాల డబ్బా తీస్తాడు. పది నిమిషాల్లో మిగతా ముగ్గురూ అదే పిడి పట్టుకుంటారు. తలుపు గుబ్బలు, లైటు స్విచ్చులు, కుళాయి, టీవీ రిమోట్, మైక్రోవేవ్ బటన్లు, అన్నిటికంటే ముందు ఫోను: మీ శ్రద్ధంతా వీటిమీద పెట్టండి.

ముందు సబ్బునీళ్లతో తుడవాలి. మురికి పోకుండా క్రిములను చంపే మందు పూస్తే అది సరిగ్గా పనిచేయదు. ఇంట్లో ఎవరైనా జబ్బుపడితే ఆ పైన బ్లీచ్ వాడొచ్చు. గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్ల చల్లని నీళ్లకు మూడో వంతు కప్పు మామూలు బ్లీచ్ చాలు. తుడిచాక కనీసం నిమిషం పాటు తడిగానే ఉంచండి, కిటికీ తెరవండి. దుకాణంలో కొన్న వైప్స్‌కైతే ఎంతసేపు తడిగా ఉండాలో డబ్బామీదే రాసి ఉంటుంది, అది చదవండి. బ్లీచ్‌లో వెనిగర్ గాని, అమ్మోనియా ఉన్న గాజు తుడిచే మందు గాని ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు పుడుతుంది.

చలికని కిటికీలన్నీ బిగించి హీటర్ వేసుకుంటాం. లోపల ఒకడు దగ్గితే ఆ గాలే అందరికీ తిరుగుతుంది. రోజుకు రెండుమూడు సార్లు కాసేపైనా కిటికీ తెరవండి. జ్వరం ఉన్నవాళ్లకు వీలైతే వేరే గది, వేరే తువ్వాలు ఇవ్వండి. వాళ్ల దుప్పట్లు దులపకుండా మెషిన్‌లో వేసి, బాగా ఆరబెట్టి, చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి. పెదవి తగలకుండా చెంబు ఎత్తి నీళ్లు పోసుకుని తాగే మన అలవాటు మాత్రం వదలొద్దు. ఇక్కడికొచ్చాక చాలామంది దాన్ని మొరటుతనం అనుకుని మానేస్తున్నారు. అందరూ ఒకే సీసా తిప్పుకునే గదిలో అది మంచి పద్ధతే.

ఈ రోగం ప్రయాణాలమీదే బతుకుతుంది. 1918లో బొంబాయి రేవులో దిగి రైళ్ల వెంట దేశమంతా పాకింది, అందుకే దాన్ని బొంబాయి జ్వరం అన్నారు. మన కోసిగి స్టేషన్ ఉన్నది ఆ బొంబాయి–మద్రాసు దారిమీదే. 2009లో స్వైన్ ఫ్లూ ఇండియాలో మొదట బయటపడింది హైదరాబాద్‌లో, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. ఒంట్లో బాగాలేనప్పుడు టికెట్ డబ్బులు పోతాయని విమానం ఎక్కకండి. జ్వరం మాత్ర వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడిచేదాకా ఆఫీసుకూ, సంక్రాంతి పాట్‌లక్‌కూ పోకండి. ఫ్లూ జోరు ఇక్కడ మామూలుగా డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, సరిగ్గా మన పండగ రోజుల్లోనే ఉంటుంది.

ఎంత తుడిచినా టీకాకు సాటి రాదు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మందుల దుకాణాల్లోనే వేస్తారు, చాలా ఇన్సూరెన్సుల్లో పైసా ఖర్చుండదు. ఒంట్లో రక్షణ కుదరడానికి రెండు వారాలు పడుతుంది. కాన్పుకు ఊరి నుంచి అమ్మనో అత్తనో పిలిపించుకుంటున్నవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఫ్లూ టీకా వేయరు. కాబట్టి బిడ్డను ఎత్తుకునే పెద్దవాళ్లంతా వేయించుకోవాలి. 65 దాటినవాళ్లకు ఎక్కువ డోసు టీకా వేరే ఉంటుంది, ఫార్మసీలో అడగండి. ఊరి నుంచి వచ్చేవాళ్లకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడే ఈ టీకా డబ్బులు పక్కన పెట్టుకోండి, ఆ పాలసీల్లో చాలావాటికి టీకా ఖర్చు రాదు.