వ్యసనమను మాటకు రెండర్థములు

వ్యసనమను సంస్కృత పదమునకు నిఘంటువులలో రెండర్థములు కనబడును. విడువజాలని దురభ్యాసము ఒకటి. ఆపద, దుఃఖము అనునది రెండవది. మన పూర్వులు సప్తవ్యసనములను లెక్కించునపుడు జూదము, మద్యపానము, వేట మొదలగువానిని చెప్పిరి. ఆ వరుసలో చేర్పదగినది నేడు మరియొకటి వచ్చినది. అది సెల్ ఫోను ద్వారా ఇంటింట ప్రవేశించిన ఇంటర్నెట్టు. బిడ్డలు ఫోను చూచి చెడిపోవుచున్నారని పెద్దలు తరచుగా వాపోవుదురు. నలుబది, ఏబది ఏండ్ల గృహస్థులును గృహిణులును అర్ధరాత్రి దాటువరకు అదే ఫోనునకు కట్టుబడి యుండుటను గూర్చి మాటలాడువారు తక్కువ. ఇచ్చట విచారింపబోవునది ఆ పెద్దల సంగతియే.

ఈ రోగమునకు పేరు వచ్చిన విధము విచిత్రమైనది. 1995 లో న్యూయార్కు మనోవైద్యుడు ఐవన్ గోల్డ్‌బర్గ్ తోటి వైద్యులను నవ్వించుటకై 'ఇంటర్నెట్టు వ్యసన రుగ్మత' యను లేని జబ్బును కల్పించి, దానికి లక్షణములు వ్రాసినాడు. హాస్యమునకు వ్రాసినదానిని చదివి, ఆ లక్షణములు తమయందు కలవని కొందరు నిజముగనే మొరపెట్టుకొనిరి. మరుసటి సంవత్సరము కింబర్లీ యంగ్ అను అమెరికా మనస్తత్త్వవేత్త 43 ఏండ్ల గృహిణి ఉదంతమును ప్రకటించినది. ఆ గృహిణికి యంత్రవిద్యలో ప్రవేశము లేదు. ముఖమెరుగని వారితో ముచ్చటలాడు వీలు కంప్యూటరులో దొరకిన పిమ్మట ఇల్లు మరచి, ఏడాదిలోపలనే భర్తకును ఇద్దరు కుమార్తెలకును దూరమైనది. ఈ వ్యసనము కుర్రవారిదే యను భ్రమ ఆనాడే తొలగవలసినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిన రోగముల పట్టికలో ఇంటర్నెట్టు వాడుకనంతటిని రోగమనలేదు. అందులోని ఆటల వ్యసనమును, జూద వ్యసనమును మాత్రము పేర్కొనిరి. ఎంతసేపు ఆడవలెనో తన స్వాధీనములో లేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె దానికే అగ్రస్థానమిచ్చుట, నష్టము కన్నులయెదుట కనబడుచున్నను మానలేకపోవుట అనునవి లక్షణములు. ఇవి సాధారణముగా పండ్రెండు నెలలు నిలిచియుండవలెను. ఇందులో గంటల లెక్క లేదని పాఠకులు గమనింపగలరు. దినమంతయు ఫోనులో బేరము మాటలాడు ఆదోని పత్తి వ్యాపారి రోగి కాడు.

మనస్సు చిక్కుకొను విధము ముందే తెలిసినదే. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పావురములపై చేసిన ప్రయోగములను 1957 లో పెద్ద గ్రంథముగా ప్రకటించిరి. మీటను ఎన్నిమారులు పొడిచిన గింజ పడునో లెక్క నిశ్చయముగా ఉన్నపుడు పావురము గింజ తిని కొంత తడవు ఆగును. ఆ లెక్క తెలియనిచో ఆగక పొడుచుచునే యుండును. వాట్సాప్‌లో ఎవరేమి పంపిరో, వ్రేలితో త్రోసిన పిమ్మట ఏ రీలు వచ్చునో, రమ్మీలో ఏ ముక్క పడునో తెలియకపోవుటయే ఆకర్షణ. పైగా 2006 లో ఏజా రాస్కిన్ కల్పించిన అంతులేని పుట యొకటి కలదు. పురాణము చదువువాడు ఆశ్వాసము ముగియగానే పుస్తకము మూసి లేచును. ఈ పుటకు ఆశ్వాసాంతము లేదు. దానిని కల్పించినందుకు రాస్కిన్ పిమ్మట బహిరంగముగనే నొచ్చుకొన్నాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయైన తరువాత ఆ పుట మన పల్లెలకును చేరినది.

అయినను గింజ యొక్కటే కారణమైనచో ఫోను గల ప్రతివాడును వ్యసనపరుడు కావలసినది. అట్లు కాలేదు. ఇచ్చటనే ఆ పదము యొక్క రెండవ అర్థము అక్కరకు వచ్చును.

కర్నూలు, కడప ప్రాంతములలో మెట్ట పొలములు విస్తారము. వానను నమ్మిన సేద్యము. శనగ కోసిన పిమ్మట తొలకరి వరకు రైతునకు చేతినిండ పనియుండదు. అప్పునకు మాత్రము వడ్డీ ఆగదు. కాయకమును శివపూజతో సమానముగా నేర్చిన కుటుంబములలో ఈ పనిలేని నెలలు మరింత బరువైనవి. ఒకప్పుడు ఆ నెలలలో రచ్చకట్ట మీది మాటలు, గుడిలో పండరిభజన, చెక్కభజన కాలమును పంచుకొనెడివి. రచ్చకట్ట మీద పేకాటయు ఉండెడిది, దాచనేల? కాని ఆ ఆటకు సాక్షులుండెడివారు. ఓడినవాని మొగము చూచి ఏ మామయో 'ఇంక చాలప్పా, లెయ్' అనెడివాడు. ఫోనులో రమ్మీ ఆడువానికి ఆ మామ లేడు. తొలుత గెలిచిన వేయి రూపాయలు మనసున మెదలుచుండ, పోయిన పదివేలు రాబట్టవలెనను తపనతో మరల పందెము కాయును. అప్పు తీర్చుటకు ఆడినవాడు అప్పును పెంచుకొనును; చివరకు ఇల్లాలి గొలుసు కుదువకు పోవును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 లోను, కేంద్ర ప్రభుత్వము 2025 లోను డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను చట్టముచే నిషేధించినవి. చట్టము ఆటను నిషేధింపగలదు గాని అప్పు దిగులును తీర్పజాలదు.

పదవీ విరమణ చేసిన ఉద్యోగి సంగతి వేరు. నిన్నటివరకు నలుగురు తన సంతకము కొరకు నిలిచిరి. నేడు ఇంట వంకాయ కొనుటకైనను అతనిని అడుగువారు లేరు. వాట్సాప్ బృందములో తాను పంపిన సందేశమునకు ఇరువదిమంది చేతులు జోడించినచో పోయిన గౌరవము తిరిగివచ్చినట్లుండును. గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోయిన కుటుంబములలో ఇంట మిగిలిన ముసలివారిది ఒంటరితనము.

వీరశైవ గృహములలో ఎడమ అరచేత ఇష్టలింగమునుంచి దృష్టి నిలుపుట నిత్యకృత్యము. ఆ అరచేతనే ఫోను చేరినదని నిందించుట సులభము. లింగపూజకు ఒక వేళ, ఒక ఆసనము, ఒక ముగింపు కలవు. ఫోనునకు కొరవడినవి అవియే.

కోపముతో ఫోను పగులగొట్టుట, బంధువులలో అవమానించుట వలన లోపలి దుఃఖము పెరుగును. ఆ దుఃఖమే మరల ఫోను చెంతకు చేర్చును. ఫోను చేత బట్టుటకు ముందటి ఘడియలో మనసున ఏముండెనో నెమ్మదిగా అడిగినచో జవాబు వచ్చును. అప్పు బయటపడినచో ముందు దానిని కుటుంబము కూర్చుండి లెక్క కట్టవలెను. స్వాధీనము పూర్తిగా తప్పినవారిని కర్నూలు, కడప సర్వజన ఆసుపత్రులలోని మనోవైద్యులకు చూపవచ్చును. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 లోనే ఇందుకొరకు ప్రత్యేక చికిత్సా విభాగమును ప్రారంభించిరి. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీమానస్ 14416 సంఖ్యకు తెలుగులోనే మాటలాడవచ్చును. రోగి ఒప్పుకొననిచో ఇంటివారైనను పిలువవచ్చును.

కడప సీమలో మరియొక చిక్కు కలదు. రాజంపేట, రాయచోటి ప్రాంతముల నుండి ఎందరో ఇంటిపనులకును, డ్రైవర్లుగాను కువైటునకు పోయియున్నారు. ఆ ఇండ్లలో ఫోను మానుమనుట ఆలుమగల మాటలను మానుమనుటయే. కువైటు కాలము మన కాలమునకు రెండున్నర గంటలు వెనుక. అచ్చట రాత్రి పదింటికి పని ముగించుకొని భర్త పిలుచునప్పటికి ఇచ్చట పండ్రెండున్నర. ఆ పిలుపు కొరకు మేలుకొన్న ఇల్లాలు అంతవరకు రీలులు చూచును. మాటలు ముగిసిన పిమ్మట నిద్రపట్టక మరల చూచును. క్రమముగా పిలుపు పది నిమిషములకు తగ్గును, రీలులు మూడు గంటలకు పెరుగును. కోడలికి ఫోను పిచ్చి పట్టినదని అత్తగారు కుమారునకు చెప్పుటకంటె మేలైన దారి యొకటి కలదు. మనకు ఉదయము ఎనిమిదిన్నర యగునప్పటికి కువైటులో ఆరు గంటలు. అతడు పనికి పోవుటకు ముందు మాటలాడు వీలున్నదేమో కనుగొనవలెను. ఆ వేళకు పిల్లలను బడికి పంపు పనిని అత్తగారు తాను చూచుకొని, కోడలిని తీరికగా ఫోను దగ్గర కూర్చుండనిచ్చిన ఆ రాత్రి మేలుకొనవలసిన పని యుండదు.