మల్లెల తీర్థము : ఒక భౌగోళిక పరిశీలన

జలపాతమనగానే మన విద్యార్థులకు కుంటాలయో, ఎత్తిపోతలయో స్ఫురించును. నాగర్‌కర్నూలు జిల్లాలోనే, నల్లమల లోయలో ఉన్న మల్లెల తీర్థమును విహారస్థలముగా నెరిగినవారు గలరు గాని, పాఠముగా చూచినవారు తక్కువ.

వనపర్తి, గద్వాలల నుండి వచ్చువారు అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరవలెను. అచటి అటవీ తనిఖీ కేంద్రము రాత్రి 9 గంటలకు మూసి ఉదయము 6 గంటలకు తెరతురు. పిమ్మట ఫరహాబాద్. పారశీకమున ‘ఫరహ్’ అనగా ఆనందము, ‘ఆబాద్’ అనగా నివాసము. ఉర్దూ చదివిన మిత్రుడు వెంటనున్నచో ఆ మాట అతనిచేతనే చెప్పించుట బాగుండును. వటవర్లపల్లి వద్ద శ్రీశైలము బాటను విడిచి అడవిదారి పట్టి, మూడువందలకు పైగా మెట్లు దిగవలెను. దిగినకొలది గాలి చల్లబడును. నల్లని రాతిగోడపైనుండి నీరు చిన్న మడుగులోనికి జారును. ఈ వాగు తుదకు కృష్ణలో కలియును.

అమ్రాబాద్ పీఠభూమిపై పరచుకొనియున్నది శ్రీశైలము క్వార్ట్‌జైట్ అను కఠినశిల. దాని అడుగున అతిప్రాచీనమైన గ్రానైటు. వాననీటిని అడవినేలపై రాలిన ఆకులు నిలిపియుంచగా, అది రాతి పగుళ్ల వెంట మెల్లగా దిగి లోయ అంచులలో ఊటలుగా బయటపడును. వానలు వెలిసినను వాగు వెంటనే ఎండకుండుటకు కారణమిదియే.

ఈ రెండు శిలలు కలియుచోటనే యురేనియమున్నదని అన్వేషణకు పూనుకొనిరి. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యమున సర్వేకు కేంద్ర అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా సమ్మతించగా, చెంచులు, విద్యార్థులు, రచయితలు ఎదిరించిరి. ఆ ఏడు సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను. ఊటలే ఆధారముగా బ్రదుకు చెంచుపెంటలకు రాతి పగుళ్లు భూగర్భశాస్త్ర విషయము మాత్రమే కాదు, త్రాగునీరు. నా దృష్టిలో ఈ పాఠమునకు ప్రాణమైన భాగమిదే. చెంచుల జీవనముపై హైమన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథమును ప్రయాణమునకు ముందే చదువుట మేలు.

వర్షాకాలమున రాళ్లు పాచిపట్టి జారును, మడుగులో దిగరాదు. నవంబరులో నొకసారి, మార్చిలో నొకసారి వెళ్లి, ధార క్రింద ఒకే బిందె నుంచి, నిండుటకు పట్టిన క్షణములను గడియారముతో లెక్కించి, రెండు అంకెలను భూగోళశాస్త్రపు నోటుపుస్తకమున ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు.